నాలుగు కెమెరాల దృశ్యం ఒక్కటవ్వాలంటే: ఏ సింక్ పద్ధతి ఎవరికి సరిపోతుంది

బండి ఆగి ఉంది. స్క్రీన్ మీద పై నుంచి చూసినట్టుగా చుట్టూ నేల, తెల్ల గీతలు, పక్కన గోడ చక్కగా అతుక్కుని కనిపిస్తున్నాయి. ఇవి నాలుగు కెమెరాల చిత్రాలంటే ఎవరూ నమ్మరు. ఇంతలో ముందు ఎడమ మూల నుంచి ఒక మనిషి నడిచి వెళ్లాడు. ముందు కెమెరా భాగం దాటి పక్క కెమెరా భాగంలోకి అడుగు పెట్టే చోట ఆయన రెండు సెకన్ల పాటు ముక్కలు ముక్కలుగా కనిపించాడు. ఒక ఫ్రేములో మూడు కాళ్లున్నాయి. ఇంకో ఫ్రేములో అసలు మనిషే లేడు.

నేను కట్టిన మొదటి సెటప్‌లో జరిగింది ఇదే. కాలిబ్రేషన్ (ఏ కెమెరా చిత్రం నేల మీద ఎక్కడ పడాలో కుదిర్చే కొలత) తప్పిందనుకుని రెండు వారాలు గళ్ల బోర్డు పట్టుకుని బండి చుట్టూ తిరిగాను. అసలు కారణం వేరే ఉంది. ఎడమ అద్దం కింద కెమెరా నీడలో పడగానే, వెలుతురు చాలడం లేదని, సెకనుకు 30 ఫ్రేముల నుంచి తనంతట తానే 15కి దిగిపోతోంది. ఎక్స్‌పోజర్ (సెన్సార్ వెలుతురును పట్టే సమయం) పెంచుకోవడానికి చాలా యూఎస్‌బీ కెమెరాలు చేసే పనే అది. సెట్టింగుల్లో ఒక్క ఆప్షన్ ఆపేస్తే సమస్య పోయింది. కానీ మనిషి మాయమయ్యే ఆ స్క్రీన్‌ను నమ్మి ఎవరైనా బండి కదిలించి ఉంటే అన్న ఆలోచన వస్తే ఇప్పటికీ టెన్షనే. అందుకే ఎవరైనా "ఏ కెమెరాలు కొనమంటారు?" అని అడిగితే, ముందు ఆ నాలుగూ ఒకే క్షణాన్ని చూపిస్తాయో లేదో, అంటే సింక్‌లో ఉన్నాయో లేదో కనుక్కోమంటాను. రిజల్యూషన్ సంగతి తర్వాత.

ముందు జబ్బేదో తేల్చుకోండి

"సింక్ కావడం లేదు" అనే ఒక్క మాట కింద జనం చాలా రకాల బాధలు చెబుతుంటారు. బండి ఆగి ఉన్నప్పుడే నేల మీది తెల్ల గీత అతుకు దగ్గర విరిగినట్టు కనిపిస్తే అది కాలిబ్రేషన్ లోపం. లోడు పడి బండి కుంగినా, మడిచిన అద్దం తెరిచాక సరిగ్గా పాత చోటికి రాకపోయినా ఇలాగే అవుతుంది. ఎంత మంచి ట్రిగ్గర్ (అన్ని కెమెరాలనూ ఒకేసారి తీయమనే సంకేతం) పెట్టినా ఇది పోదు.

నేల మీది గీతలు సరిగ్గానే ఉండి, స్తంభాలూ మనుషులూ మాత్రం సాగి పడుకున్నట్టు కనిపిస్తే అది ఈ రకం వ్యూకు పుట్టుకతో వచ్చిన గుణం. లెక్కంతా నేల చదునుగా ఉందనుకుని చేస్తారు కాబట్టి, నేల కంటే ఎత్తున్న ప్రతిదీ కెమెరా నుంచి బయటి వైపుకు సాగుతుంది. ముందు కెమెరా ఒక దిక్కుకు సాగదీస్తే పక్క కెమెరా మరో దిక్కుకు సాగదీస్తుంది. అతుకు సన్నని గీతలా ఉంటే, దాని మీద నిలబడ్డ వస్తువు పైభాగం రెండు చిత్రాల్లోనూ తెగిపోతుంది. అందుకని అతుకును వెడల్పాటి పట్టీగా పెట్టి, అక్కడ రెండు చిత్రాలనూ కలగలిపే సాఫ్ట్‌వేర్‌నే నేను ఎంచుకుంటాను. అందులో వస్తువు లీలగా రెండుగా కనబడుతుంది. చూడ్డానికి బాగుండదు, కానీ మాయమవడం కంటే ఎంతో నయం.

అతుకుకు అటూ ఇటూ రంగు, వెలుగు తేడాగా ఉంటే ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) కెమెరాకొకటిగా నడుస్తున్నాయని అర్థం. దృశ్యమంతా కలిసే ఉంది, కానీ చేతులు ఊపిన కాసేపటికి స్క్రీన్ మీద చేతులు ఊగుతున్నాయంటే అది ఆలస్యం. ఆలస్యానికీ సింక్‌కీ సంబంధం లేదు. నాలుగు కెమెరాలూ కలిసికట్టుగా 300 మిల్లీసెకన్లు వెనకబడి ఉండొచ్చు. సింక్ పరంగా అది నిక్షేపంలా ఉన్నట్టే, డ్రైవరుకు మాత్రం ప్రమాదం. అద్దాల బదులు వాడే కెమెరా మానిటర్లకు ఐక్యరాజ్యసమితి ఐరోపా ఆర్థిక కమిషన్ 46వ నిబంధన 200 మిల్లీసెకన్ల హద్దు పెట్టింది. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో వెనక్కి వెళ్లే బండి ఆ 200 మిల్లీసెకన్లలో 28 సెంటీమీటర్లు జరుగుతుంది. ఈ హద్దు పార్కింగ్ వ్యూ కోసం రాసింది కాకపోయినా నేను దాన్నే కొలబద్దగా పెట్టుకుంటాను.

ఇక మిగిలింది అసలు సింక్ లోపం. దీన్ని పట్టుకోవడం తేలిక: ఆగి ఉన్నప్పుడు అంతా బాగుంటుంది, ఏదైనా కదిలితేనే బయటపడుతుంది. మనిషి ముందు కెమెరా వైపు నుంచి పక్క కెమెరా వైపు నడుస్తున్నాడనుకోండి. పక్క కెమెరా ఫ్రేము పాతదైతే, ముందు చిత్రంలోంచి ఆయన అప్పటికే దాటిపోయాడు, పక్క చిత్రంలోకి ఇంకా రాలేదు. అంటే మాయం. పక్క ఫ్రేము కొత్తదైతే రెండింటిలోనూ ఉంటాడు. ఏ దిక్కుకు నడిస్తే మాయమవుతున్నాడో గమనిస్తే, ఏ కెమెరా వెనకబడిందో పరికరాలేవీ లేకుండానే చెప్పేయొచ్చు.

మీకు ఎన్ని మిల్లీసెకన్లు కావాలి?

పద్ధతుల జోలికి వెళ్లేముందు ఈ లెక్క వేసుకోకపోతే అవసరానికి మించి ఖర్చు పెడతారు, లేదా చాలనిది కొంటారు. సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకు 33 మిల్లీసెకన్లు. గంటకు 5 కిలోమీటర్ల వేగంలో ఒక ఫ్రేము తేడా నాలుగున్నర సెంటీమీటర్లు. మనిషి నడక కూడా దాదాపు అదే వేగం. పార్కింగ్‌లో ఇది కంటికి ఆనదు. 36 కిలోమీటర్ల వేగంలో అదే ఒక ఫ్రేము 33 సెంటీమీటర్లు. 108 దగ్గర మీటరు.

మలుపు తిరిగేటప్పుడు లెక్క మారుతుంది. బండి సెకనుకు 30 డిగ్రీలు తిరుగుతుంటే ఒక ఫ్రేములో ఒక డిగ్రీ తిరుగుతుంది. ఐదు మీటర్ల దూరంలో అది దాదాపు 9 సెంటీమీటర్ల తేడా, ఇరవై మీటర్ల దూరంలో 35. నెమ్మదిగానే వెళ్తున్నా యూ టర్న్‌లో అతుకులు కదిలిపోవడానికి కారణం ఇదే.

నిస్సాన్ 2007లో అరౌండ్ వ్యూ మానిటర్ తెచ్చినప్పుడు దాని పని పార్కింగ్ ఒక్కటే. చుట్టూ చూపించే ఇలాంటి సిస్టమ్‌లు చాలావరకు కాస్త వేగం పెరగగానే ఆ వ్యూను ఆపేస్తాయి. వ్యూ నడిచే ఆ తక్కువ వేగంలో ఒక ఫ్రేము తేడా ఉన్నా డ్రైవరుకు ఇబ్బంది రాదు. అదే నాలుగు కెమెరాలను తీసుకెళ్లి, మనుషుల్ని గుర్తుపట్టి బ్రేకు వేసే ప్రోగ్రాముకు ఇస్తే ఆ ఫ్రేమే పెద్ద తప్పవుతుంది.

సాఫ్ట్‌వేర్‌తో జత చేయడం

అన్నిటికంటే చవకైన దారి ఇదే. కెమెరాలు ఎవరి తాళానికి అవి నడుస్తుంటాయి. ప్రోగ్రాము వచ్చిన ప్రతి ఫ్రేముకూ టైమ్ వేసి, దగ్గర దగ్గర టైమున్నవాటిని జత చేస్తుంది. రోబోల సాఫ్ట్‌వేర్ ఆర్‌ఓఎస్‌లో అప్రాక్సిమేట్ టైమ్ పద్ధతి చేసే పని ఇదే. చిత్రాలతో పనిచేసే కోడ్ లైబ్రరీ ఓపెన్‌సీవీలో అయితే ముందు అన్ని కెమెరాల మీదా గ్రాబ్ (ఫ్రేమును పట్టుకోవడం) పిలిచి, ఆ తర్వాతే ఒక్కొక్కటిగా రిట్రీవ్ (దాన్ని డీకోడ్ చేసి తీసుకోవడం) పిలవాలి. హార్డ్‌వేర్ సింక్ లేని బహుళ కెమెరాల కోసమే ఆ రెండు పనులనూ విడదీశారు. ఒక్కో కెమెరాకు రీడ్ (ఆ రెండూ కలిపి చేసేది) పిలుచుకుంటూ పోతే, మొదటి చిత్రాన్ని డీకోడ్ చేసే సమయమంతా నాలుగోదానికి ఆలస్యంగా చేరుతుంది. కొత్తగా మొదలుపెట్టినవాళ్ల కోడ్‌లో నేను చూసే మొదటి తప్పు ఇదే.

ఈ పద్ధతిలో తేడా "గరిష్ఠంగా అర ఫ్రేము" అని చెబుతారు. అది సగం నిజం. ముందు కెమెరాను ఆధారంగా పెట్టుకుంటే మిగతా ప్రతిదీ దానికి అటో ఇటో 16 మిల్లీసెకన్ల లోపు ఉంటుంది. కానీ ఎడమ కెమెరా 16 ముందుండి, వెనక కెమెరా 16 వెనకుంటే? ఆ రెండిటికీ ఉమ్మడి అతుకు ఉంది. అక్కడ తేడా దాదాపు పూర్తి ఫ్రేము.

ఇంకో సంగతి మరీ ఇబ్బంది పెడుతుంది. ఏ రెండు కెమెరాల క్రిస్టల్ గడియారాలూ ఒక్కలా నడవవు. పది లక్షల్లో 50 వంతుల తేడా మామూలే. ఆ లెక్కన రెండు కెమెరాలు ఒక పూర్తి ఫ్రేము మేర జారడానికి 11 నిమిషాలు పడుతుంది. అంటే మొదటి రెండు నిమిషాలు అద్భుతంగా ఉంటుంది, ఆరో నిమిషంలో అతుకులు చెదురుతాయి, పదకొండో నిమిషంలో మళ్లీ బాగవుతుంది. రెండు నిమిషాల డెమో చూసి నిర్ణయం తీసుకున్నవాళ్లు అందుకే మోసపోతారు. కనీసం పావుగంట ఆగకుండా నడిపి చూడండి.

యూఎస్‌బీతో వెళ్తే బ్యాండ్‌విడ్త్ కూడా చూసుకోవాలి. 1280×720 చిత్రం, కంప్రెషన్ లేకుండా, సెకనుకు 30 ఫ్రేములంటే ఒక్క కెమెరాకే 55 మెగాబైట్లు. యూఎస్‌బీ 2.0 అంత మోయలేదు. ఎంజేపెగ్ కంప్రెషన్ పెడితే సరిపోతుంది, కానీ నాలుగిటినీ ఒకే హబ్‌కు తగిలిస్తే ఒకదాని ఫ్రేములు ఇంకోదాని వెనక క్యూ కడతాయి. వచ్చినప్పుడు వేసిన టైమ్‌కు, ఫొటో తీసిన టైమ్‌కు మధ్య దూరం అక్కడే పెరుగుతుంది. లైనక్స్‌లో కెమెరా డ్రైవర్ (కెమెరాను నడిపే సాఫ్ట్‌వేర్) ఇచ్చే టైమ్‌స్టాంప్ వాడండి, మీ ప్రోగ్రాము చేతికి ఫ్రేము అందిన టైమ్ వద్దు.

నేర్చుకోవడానికి, తక్కువ వేగంలో తిరిగే చిన్న రోబో బండికి, ఒక ఆలోచన పనిచేస్తుందో లేదో చూడటానికి ఇది చాలు. చక్రాల వేగం, తిరిగే వేగం తెలిస్తే, పాత ఫ్రేమును ఆ మేరకు జరిపి కొత్తదానితో కలపొచ్చు కూడా. అలా జరిపితే నేల, గోడలు కుదురుకుంటాయి. నడిచే మనిషి మాత్రం కుదురుకోడు. మన బండి ఎంత కదిలిందో తెలుసు కానీ, ఆయన ఎంత కదిలాడో తెలియదు కదా.

అనలాగ్ బాక్స్ కిట్లు

విడిగా కొని బిగించుకునే 360 డిగ్రీల కిట్లు చాలావరకు ఈ రకమే. నాలుగు అనలాగ్ లేదా ఏహెచ్‌డీ (అనలాగ్ హెచ్‌డీ) కెమెరాలు, మధ్యలో ఒక బాక్స్. బాక్స్ ప్రతి కెమెరా నుంచి పూర్తిగా వచ్చిన చివరి ఫ్రేమును దాచుకుని, స్క్రీన్‌కు పంపే సమయానికి దగ్గరున్నవాటిని అతికిస్తుంది. సెకనుకు 25 ఫ్రేముల కెమెరాలైతే తేడా 40 మిల్లీసెకన్ల దాకా రావచ్చు. గడియారాల జారుడు ఇక్కడా ఉంది. అయితే అనలాగ్‌లో కంప్రెషన్ లేదు, క్యూ లేదు. అందుకే ఆలస్యం తక్కువగా, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. పార్కింగ్ కోసమే అయితే నేను దీన్ని తక్కువ చేసి మాట్లాడను. బిగించేవాళ్లు నేల మీద పరిచే గళ్ల గుడ్డను సరిగ్గా పరిచి కాలిబ్రేషన్ శ్రద్ధగా చేస్తే, ఖరీదైన కిట్‌ను అడ్డదిడ్డంగా బిగించినదానికంటే ఇదే బాగుంటుంది. అసలు పరీక్ష రాత్రిపూట చేయాలి. చీకట్లో ఫ్రేములు సగానికి పడిపోతున్నాయేమో అప్పుడే తెలుస్తుంది.

వైఫై కెమెరాల గురించి ఒక్క మాట చాలు. ఆలస్యం ఎక్కువ, పైగా క్షణానికొక రకంగా మారుతుంది. వెనక ఒక్కటీ విడిగా చూసుకోవడానికి సరే. నాలుగిటిని కలపడానికి మాత్రం వద్దు.

హార్డ్‌వేర్ ట్రిగ్గర్

పని గట్టిగా జరగాలంటే ఇదే. ఒకే పల్సు నాలుగు సెన్సార్లకూ వెళ్తుంది, నాలుగూ దాని తాళానికే ఫ్రేము మొదలుపెడతాయి. వాహనాల్లో దీనికి రెండు లింకులు బాగా వాడుకలో ఉన్నాయి: జీఎంఎస్‌ఎల్, ఎఫ్‌పీడీ-లింక్. రెండిటి అందమూ ఒకటే. వేలి మందం కూడా లేని ఒక్క కోయాక్స్ కేబుల్‌లో కెమెరాకు కరెంటు వెళ్తుంది, ఆదేశాలు వెళ్తాయి, ట్రిగ్గర్ పల్సు వెళ్తుంది, అటు నుంచి వీడియో వస్తుంది. పదిహేను మీటర్ల దాకా లాగొచ్చు కాబట్టి బస్సు వెనక కొస కూడా అందుతుంది. ఇవతలి చివర మ్యాక్స్9286, డీఎస్90యూబీ960 లాంటి చిప్ ఒక్కటే నాలుగు కెమెరాలను తీసుకుని ప్రాసెసర్‌కు అందిస్తుంది. ఆ పల్సును ఆ చిప్పే పుట్టించగలదు కూడా. తేడా మిల్లీసెకన్ల నుంచి మైక్రోసెకన్లకు దిగిపోతుంది. జారుడు ఉండదు. మొదటి నిమిషం ఎలా ఉందో పదో గంటా అలాగే ఉంటుంది.

ఇంత చేశాక కూడా "కలవడం లేదు" అని నెత్తి పట్టుకున్నవాళ్లను చూశాను. కారణాలు మూడు నాలుగుకు మించి ఉండవు.

మొదటిది, ట్రిగ్గర్ తీగ ఉంది కానీ సెన్సార్ ఇంకా తన ఇష్టానికే నడుస్తోంది. చాలా కెమెరా డ్రైవర్ సాఫ్ట్‌వేర్లలో అదే డిఫాల్ట్. బయటి పల్సుకు లోబడే మోడ్‌ను మనమే ఆన్ చేయాలి. రెండోది, పల్సు మరీ వేగంగా ఇవ్వడం. ముందు ఫ్రేము చదవడం పూర్తికాకముందే తర్వాతి పల్సు వస్తే చాలా సెన్సార్లు దాన్ని పట్టించుకోవు. 30 ఇస్తే 15 వస్తున్నాయంటే దాదాపు ఖాయంగా ఇదే. పల్సు వేగం కొంచెం తగ్గిస్తే సరిపోతుంది.

మూడోది ఎక్స్‌పోజర్. దీని మీద కాస్త ఆగాలి, ఎందుకంటే స్పెక్ షీట్లో ఇది కనిపించదు. ముందు కెమెరా ఎండలో ఉంది, దాని ఎక్స్‌పోజర్ 4 మిల్లీసెకన్లు. పక్క కెమెరా గోడ నీడలో ఉంది, దానిది 24. రెండూ ఒకే పల్సుకు లేచాయి. అయినా చిత్రం నిజంగా ఏ క్షణానిదంటే ఆ ఎక్స్‌పోజర్ మధ్య భాగానిది అనుకోవాలి. ఒకదాని మధ్య 2 దగ్గర, ఇంకోదాని మధ్య 12 దగ్గర. పది మిల్లీసెకన్ల తేడా అక్కడే వచ్చేసింది. మొదళ్లు కాకుండా చివరలు కలిసే సెన్సార్లైనా తేడా అంతే. దీనికి మందు ఎక్స్‌పోజర్‌కు పై హద్దు పెట్టడం. నేను 12, 15 మిల్లీసెకన్ల మధ్య పెట్టి, చాలని వెలుతురును గెయిన్‌తో (సెన్సార్ సిగ్నల్‌ను పెంచడంతో) తెచ్చుకుంటాను. చీకట్లో చిత్రం కాస్త గింజలు గింజలుగా ఉంటుంది, దాన్ని భరించొచ్చు. మరీ తగ్గించేస్తే ఇంకో చిక్కు ఉంది. ఎల్‌ఈడీ సిగ్నళ్లు, బండ్ల లైట్లు కంటికి తెలియకుండా వేగంగా ఆరి వెలుగుతుంటాయి. మరీ చిన్న ఎక్స్‌పోజర్ ఆ ఆరిన క్షణంలో పడితే, వెలుగుతున్న లైటు ఆరినట్టు రికార్డవుతుంది. లైట్లను గుర్తుపట్టే పని ఉంటే ఎల్‌ఈడీ ఫ్లికర్‌ను తట్టుకునే సెన్సారే కొనండి.

నాలుగోది రోలింగ్ షట్టర్. సెన్సార్ చిత్రాన్ని ఒక్కసారిగా తీయదు, వరుస తర్వాత వరుస చదువుతుంది. 800 వరుసలు చదవడానికి 25 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. బండి మూల దగ్గరున్న ఒకే రాయి ముందు కెమెరాలో 600వ వరుసలో, పక్క కెమెరాలో 250వ వరుసలో పడింది. ఫ్రేములు ఒకేసారి మొదలైనా, ఆ రాయిని రెండు కెమెరాలూ దాదాపు 11 మిల్లీసెకన్ల తేడాతో చూశాయి. పార్కింగ్‌కు ఇది లెక్కలోకి రాదు. వేగంగా వెళ్తూ దూరాలు కొలవాలంటే మాత్రం అన్ని వరుసలనూ ఒకేసారి పట్టే గ్లోబల్ షట్టర్ సెన్సార్‌కు వెళ్లండి, లేదా ఏ వరుస ఏ క్షణానిదో లెక్కగట్టి సరిచేయండి. గ్లోబల్ షట్టర్ ఖరీదెక్కువ, తక్కువ వెలుతురులోనూ చాలావాటికి రోలింగ్ షట్టర్ అంత పట్టు ఉండదు. అందుకే "గ్లోబల్ అయితేనే మంచిది" అని అందరికీ చెప్పను.

ఈ పద్ధతికి అసలు అడ్డంకి డబ్బు కంటే పనితనం. డ్రైవరు కోడ్, సెన్సార్ రిజిస్టర్లు, బోర్డుకు సరిపోయే మాడ్యూళ్లు అన్నీ కుదరాలి. విడి భాగాలు కొని కలుపుదామని దిగితే నెలలు పోతాయి. కెమెరాలు, చిప్ బోర్డు, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఒకేచోట పరీక్షించి ఇచ్చిన సెట్ దొరికితే, కాస్త ఎక్కువైనా అదే తీసుకోండి.

ఈథర్‌నెట్, పీటీపీ

కెమెరాలు ఎక్కువై, దూరాలు పెరిగి, లైడార్ (లేజర్‌తో దూరాలు కొలిచే పరికరం) లాంటివి కూడా అదే గడియారం మీద నడవాలంటే నెట్‌వర్క్ దారి మేలు. పీటీపీ అంటే నెట్‌వర్క్‌లోని పరికరాల గడియారాలను కలిపే ఐఈఈఈ 1588 ప్రమాణం. వాహనాల్లో వాడే దాని రూపం 802.1ఏఎస్. హార్డ్‌వేర్‌లోనే టైమ్‌స్టాంప్ వేసే పరికరాలైతే గడియారాలు మైక్రోసెకను లోపే కలుస్తాయి. మామూలు కంప్యూటర్లు వాడే ఎన్‌టీపీతో లోకల్ నెట్‌వర్క్‌లో మిల్లీసెకన్ల స్థాయి వస్తుంది, అంతే.

కొనేముందు ఒక్క ప్రశ్న అడగాలి. "మీ కెమెరా పీటీపీ టైమ్ చూసి ఫ్రేమును మొదలుపెడుతుందా, లేక ఇష్టమొచ్చినప్పుడు తీసి ఆ టైమ్ ముద్ర వేస్తుందా?" రెండోదైతే నాలుగు గడియారాలూ ఒకే టైమ్ చూపిస్తాయి, నాలుగు కెమెరాలూ వేర్వేరు క్షణాలు తీస్తాయి. తేడా ఎంతో కచ్చితంగా తెలుస్తుంది, కానీ తేడా పోదు. గిగ్‌ఈ విజన్ 2.0 అనే ఈథర్‌నెట్ కెమెరాల ప్రమాణంలో ఫలానా సమయానికి తీయమని ముందే చెప్పే ఆదేశం ఉంది. అలాంటిదే కావాలి. మధ్యలో ఉండే స్విచ్ కూడా పీటీపీ తెలిసినదై ఉండాలి.

బ్యాండ్‌విడ్త్ లెక్క ఇక్కడ కఠినం. 1280×800, పిక్సెల్‌కు 16 బిట్లు, 30 ఫ్రేములు అంటే సెకనుకు 490 మెగాబిట్లు దాటుతుంది. గిగాబిట్ తీగ మీద ఒకటి హాయిగా వెళ్తుంది, రెండోది కష్టం. కంప్రెస్ చేస్తే నాలుగూ పడతాయి, కానీ ఎన్‌కోడర్, డీకోడర్ రెండూ ఆలస్యాన్ని పెంచుతాయి. డ్రైవరు చూస్తూ నడిపే వ్యూకు ఈ దారి నా మొదటి ఎంపిక కాదు. డేటా సేకరణకు, పరిశోధన బండ్లకు అవును.

డేటా సేకరణలో ఇంకో ముచ్చట. నాలుగూ ఒకేసారి తీయడమే ఎప్పుడూ సరైనది కాదు. డ్రైవర్ లేని బండ్ల పరిశోధనకు వాడే న్యూసీన్స్ డేటాసెట్ సేకరించిన కార్లలో ఆరు కెమెరాలున్నాయి. పైన తిరిగే లైడార్ కిరణం ఏ కెమెరా దృశ్యం మధ్యకు వస్తే అప్పుడు ఆ కెమెరా క్లిక్ అయ్యేలా పెట్టారు. కెమెరాలు ఒకదానితో ఒకటి కలవవు, ప్రతిదీ లైడార్‌తో కలుస్తుంది. కెమెరా చిత్రం మీద లైడార్ చుక్కలు సరిగ్గా పడాలన్నది వాళ్ల అవసరం. మీ అవసరం అతుకు లేని వ్యూ అయితే దాన్ని నకలు చేయకండి.

రికార్డు చేసిన వీడియోలను తర్వాత కలపడం

చాలామందికి కావలసింది నిజానికి ఇదే: ప్రమాదమో గొడవో జరిగాక ముందు, వెనక, పక్క వీడియోలను ఒకే తెర మీద కలిపి చూడటం. ఇక్కడ మొదటి సలహా, రెండు మూడు కెమెరాలున్న ఒకే డాష్‌క్యామ్ కొనండి. అన్ని చానెళ్లూ ఒకే పెట్టెలో, ఒకే గడియారం మీద రికార్డవుతాయి. విడివిడి డాష్‌క్యామ్‌లైతే, పైన చెప్పిన గడియారాల తేడా లెక్కన, గంటకు 0.18 సెకను జారుతాయి, అంటే ఐదు ఫ్రేములకు పైనే. చిత్రం మీద కనిపించే టైమ్‌లో సెకన్లే ఉంటాయి కాబట్టి దాన్ని నమ్మి అతికిస్తే 29 ఫ్రేముల దాకా తప్పు రావచ్చు.

ఇప్పటికే విడివిడి వీడియోలు చేతిలో ఉంటే హారన్ శబ్దం పట్టుకోండి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఆడియో గీతలను కలపడం సులువు. శబ్దం సెకనుకు 343 మీటర్లే వెళ్తుంది కాబట్టి, పది మీటర్ల అవతల బస్సు వెనకున్న మైకుకు అది 29 మిల్లీసెకన్లు, అంటే దాదాపు ఒక ఫ్రేము ఆలస్యంగా చేరుతుందని గుర్తుంచుకోండి. దాన్ని సరిచేసుకోవడానికి ఇండికేటర్ వెలుగు వాడొచ్చు. హజార్డ్ లైట్లు వేసినప్పుడు ముందు, వెనక కెమెరాల్లో నేల మీదో గోడ మీదో పడే కాషాయ వెలుగు ఏ ఫ్రేములో మొదలైందో చూడాలి. ఎల్‌ఈడీ అయితే ఠక్కున వెలుగుతుంది, పాత బల్బు అయితే మెల్లగా ఎక్కుతుంది కాబట్టి ఒక ఫ్రేము అటూ ఇటూ కావచ్చు. హారన్‌తో దగ్గరికి తెచ్చి, లైటుతో ఫ్రేముకు ఫ్రేము కలపాలి.

వీడియో మొదట్లో కలిపి వదిలేయకండి. చివర్లో ఇంకో గుర్తు దొరకబుచ్చుకుని అక్కడా కలుస్తోందో చూడండి. కలవకపోతే ఒక వీడియోను ఆ కొంచెం మేర సాగదీయాలి. ఫ్రేము వేగం మారుతూ ఉండే ఫైళ్లను ముందే స్థిరమైన వేగానికి మార్చుకోండి. ఆ తర్వాత వీడియో ప్రోగ్రాము ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో ఎక్స్‌స్టాక్ ఫిల్టర్‌తో నాలుగిటినీ ఒకే తెర మీద పేర్చొచ్చు. సాక్ష్యంగా ఇవ్వాల్సినదైతే అసలు ఫైళ్లను ముట్టకుండా విడిగా దాచండి. కలిపినది చూసి అర్థం చేసుకోవడానికి మాత్రమే.

ఎవరికి ఏది

సొంత కారుకు పార్కింగ్ వ్యూ మాత్రమే కావాలంటే అనలాగ్ బాక్స్ కిట్ చాలు. ట్రిగ్గర్ కోసం తపన పడకుండా ఆ డబ్బును మంచి లెన్సులున్న కిట్ మీద, శ్రద్ధగా బిగించే మనిషి మీద పెట్టండి.

పొడవాటి బస్సు, లారీకి నా సలహా చాలామందికి నచ్చదు: అసలు కలపకండి. ట్రైలర్ మలుపులో వంగినప్పుడు వెనక కెమెరా స్థానమే మారిపోతుంది. ఒకసారి చేసిన కాలిబ్రేషన్ అక్కడ పనికిరాదు. తెరను నాలుగు భాగాలు చేసి నాలుగు వీడియోలనూ విడిగా, తక్కువ ఆలస్యంతో చూపిస్తే డ్రైవరుకు నమ్మకంగా ఉంటుంది. అతుకు లేదు కాబట్టి అక్కడ మాయమయ్యే మనిషీ లేడు. వంగని చిన్న బస్సుకు కలిపిన వ్యూ పెట్టొచ్చు. అప్పుడు ట్రిగ్గర్ ఉన్న డిజిటల్ కెమెరాలే పెట్టండి, ఎందుకంటే స్టాపులో బండి మూలల దగ్గర మనుషులు ఎప్పుడూ కదులుతూనే ఉంటారు.

చిత్రాలను మనిషి కాకుండా ప్రోగ్రాము చూస్తుంటే జీఎంఎస్‌ఎల్ లేదా ఎఫ్‌పీడీ-లింక్ ట్రిగ్గర్, ఎక్స్‌పోజర్ హద్దుతో సహా. కెమెరాలు నాలుగుకు మించి, లైడార్ కూడా ఉంటే వాటిని పీటీపీ గడియారానికి కట్టండి. ట్రిగ్గర్ పల్సునే పీటీపీ గడియారం నుంచి పుట్టిస్తే రెండు లాభాలూ వస్తాయి. విద్యార్థి ప్రాజెక్టుకు యూఎస్‌బీ, సాఫ్ట్‌వేర్ జతతో మొదలుపెట్టండి. జారుడును కళ్లారా చూశాక ట్రిగ్గర్ విలువ తెలుస్తుంది.

కొనేముందు ఒక పరీక్ష

ఫోన్‌లో స్టాప్‌వాచ్ నడిపి, దాన్ని రెండు కెమెరాలకూ కనిపించే మూలలో పెట్టి, రెండు చిత్రాల్లో అంకెలు పోల్చడం అందరూ చేసేదే. తప్పు కాదు, కానీ మామూలు ఫోన్ తెర సెకనుకు 60 సార్లే మారుతుంది. 16 మిల్లీసెకన్ల కంటే సన్నని తేడా అందులో దొరకదు. పైగా ఫిష్‌ఐ (బాగా వెడల్పుగా చూపి అంచులను వంచే) లెన్సు మూలలో ఆ అంకెలు చదవడం కష్టం.

నేను వాడేది ఒక చిన్న మైక్రోకంట్రోలర్, వరుసగా అమర్చిన పది ఎల్‌ఈడీలు. ఒక్కోటి ఒక్కో మిల్లీసెకను వెలిగి పక్కదానికి వెళ్తుంది, పక్కనే ఇంకో వరుస పదులను లెక్కపెడుతుంది. ఎక్స్‌పోజర్‌ను బాగా తగ్గించి రెండు కెమెరాల ఫ్రేములు పక్కపక్కన పెడితే, ఒకదాంట్లో మూడో దీపం, ఇంకోదాంట్లో ఏడో దీపం వెలుగుతూ కనిపిస్తుంది. తేడా నాలుగు మిల్లీసెకన్లు. దీన్ని బండి నాలుగు మూలల్లోనూ చేయాలి, ఎందుకంటే అతుకులు నాలుగు. మొదటి నిమిషంలో ఒకసారి, పావుగంట అయ్యాక ఒకసారి, కెమెరాలు బాగా వేడెక్కాక ఇంకోసారి చూడాలి. ఆ తర్వాత ఒక కెమెరా మీద చెయ్యి అడ్డుపెట్టి చీకటి చేసి మళ్లీ చూడండి. నాకు రెండు వారాలు తినేసిన ఆ లోపం ఈ ఆఖరి పరీక్షలో అరనిమిషంలో బయటపడి ఉండేది.